పుణుగు డైరీ: తిండి ముట్టని బాతుపిల్ల

ఇక్కడిదాకా జరిగింది ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. వైజాగ్ ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలు ఐసులో పెట్టి పంపే థర్మాకోల్ డబ్బా ఒకటి తెచ్చాను (మూడుసార్లు సర్ఫ్‌తో కడిగినా వాసన పోలేదు, అది వేరే కథ), దానికి డబ్ల్యూ1209 థర్మోస్టాట్ బోర్డు (వేడి కొలిచి బల్బుల్ని ఆపి వెలిగించేది), పాత కంప్యూటర్ ఫ్యాను, రెండు బల్బులు బిగించి గుడ్లు పొదిగే ఇంక్యుబేటర్ అనిపించాను. తగరపువలస దాటాక బాతులు పెంచే ఒక మామ్మగారి దగ్గర పది గుడ్లు కొన్నాను. 37.5 డిగ్రీలు, బాతు గుడ్డుకి 28 రోజులు. ఏడో రోజు చీకట్లో టార్చి పెట్టి చూస్తే నాలుగు ఉత్త గుడ్లు, మధ్యలో ఒకటి ఆగిపోయింది, మిగిలినవి ఐదు. సరిగ్గా 28వ రోజు పొద్దున్న మూడు పిల్లలు టకటకా బయటికొచ్చేశాయి. మా పాప పేర్లు కూడా పెట్టేసింది, గారె, బజ్జీ, బొండా.

నాలుగో గుడ్డుకి ముందురోజు రాత్రే చిన్న కన్నం పడింది. అంతే, ఇంక కదలట్లేదు. లోపల్నుంచి కీచుమంటోంది కానీ పెంకు పగలట్లేదు. కన్నం పడ్డాక పూర్తిగా బయటికి రావడానికి ఒక రోజు పైనే పట్టొచ్చని, ఆ టైంలో అది లోపల రక్తనాళాల్లోని రక్తం, పచ్చసొన ఒంట్లోకి లాక్కుంటూ ఉంటుందని నాకు తెలుసు, తెలిసి కూడా ఆగలేకపోయాను. ట్వీజర్‌తో పెంకు కొంచెం కొంచెం తీశాను. ఒకచోట చిన్న రక్తం చుక్క కనపడింది, ఆగిపోయాను, కానీ అప్పటికే ఆలస్యం, అది మిగతా పెంకుని తన్నుకుని బయటపడిపోయింది. బొడ్డు దగ్గర ఇంకా కొంచెం పచ్చసొన సంచి కనపడుతోంది. ఐదో గుడ్డు తెరుచుకోనేలేదు.

అలా పుట్టింది పుణుగు. పేరు పాపదే. పచ్చగా, గుండ్రంగా, నూనెలోంచి అప్పుడే తీసినట్టు తడితడిగా ఉంది, కరెక్ట్ పేరే.

మొదటి రోజు

బరువు 36 గ్రాములు. వంటింటి డిజిటల్ కాటా మీద స్టీలు గిన్నె పెట్టి, గిన్నె బరువు జీరో చేసి తూచాను. మిగతా మూడూ 41, 40, 42.

బొడ్డుకి కొంచెం బీటాడిన్ అద్ది, ఇంక్యుబేటర్‌లోనే వదిలేశాను ఆరేదాకా. తిండి పెట్టలేదు. పెట్టక్కర్లేదు కూడా, పుట్టిన పిల్ల కడుపులో మిగిలిన పచ్చసొన మీద రెండు రోజులు, ఒక్కోసారి మూడు రోజులు కూడా లాగించేస్తుంది. కోడిపిల్లల్ని హ్యాచరీల నుంచి అట్టపెట్టెల్లో బస్సుల మీద ఊళ్ళు దాటించేది ఈ ధైర్యంతోనే. ఇది అమ్మకి చెప్పాను, అమ్మ నమ్మలేదు. "పుట్టిన పిల్లకి ఏమీ పెట్టకుండా ఉంచుతావట్రా" అని రాత్రి పదింటికి ఒకసారి, పదకొండింటికి ఒకసారి వచ్చి చూసింది.

రెండో రోజు

పుణుగుని బ్రూడర్‌లోకి మార్చాను. బ్రూడర్ అంటే పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టె, పెద్దదేం కాదు, వాషింగ్ మెషీన్ వచ్చిన అట్టపెట్టె సగానికి కోసి, ఒక మూల 60 వాట్ల పాత పసుపు బల్బు వేలాడదీశాను. ఈ బల్బు కోసం తిరిగింది ఎవరికీ చెప్పుకోలేను. ఇప్పుడు ఎక్కడ చూసినా ఎల్ఈడీలే, అవి వెలుగిస్తాయి తప్ప వేడి ఇవ్వవు కదా, గోపాలపట్నంలో నాలుగు షాపులు అడిగితే "ఇంకా అవెవరు కొంటారండి" అన్నారు, చివరికి పూర్ణా మార్కెట్ వైపు ఒక పాత ఎలక్ట్రికల్ షాపులో దుమ్ము పట్టిన అట్టపెట్టెలోంచి ఆరు తీసిచ్చాడు, ఆరూ కొనేశాను.

మొదటి వారం 32 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. థర్మోస్టాట్ వేడి కొలిచే వైరు పెట్టెలో వేలాడదీశాను, 32.8 చూపిస్తోంది, సూపర్ అనుకున్నాను.

కింద న్యూస్‌పేపర్ పరిచాను. ఇది తప్పు. పేపరు మీద కాళ్ళు జారి పక్కలకి వెళ్ళిపోతాయి, అలా ఒకటి రెండు రోజులు ఉంటే కాళ్ళు అలాగే చీలిపోయి సెట్ అయిపోతాయి. సాయంత్రానికి గమనించి తీసేసి గోనెసంచి ముక్క వేశాను, దాని మీద గోళ్ళకి పట్టు దొరుకుతుంది.

గారె, బజ్జీ, బొండా తింటున్నాయి, తాగుతున్నాయి, తొక్కుతున్నాయి, అన్నీ చేస్తున్నాయి. పుణుగు ఒక మూల కూర్చుంది. మేత ముక్కు ముందు పెడితే కళ్ళు మూసుకుంది. 34 గ్రాములు. పచ్చసొన కరుగుతుంటే మొదట్లో బరువు కొంచెం తగ్గుతుందిలే అని రాసుకున్నాను.

మూడో రోజు

31.

ఈ రోజు ఇంట్లో ప్రతి ఒక్కళ్ళూ ఒక డాక్టరే. పక్కింటి పిన్నిగారు పాలల్లో బ్రెడ్డు నానబెట్టి పెట్టమన్నారు. పాలు పక్షులకి అరగవండి, వాటికి పాలు తాగే పుట్టుకే కాదు కదా అంటే, "మా చిన్నప్పుడు అన్నిటికీ పాలే పోసేవాళ్ళం" అన్నారు. మా వాచ్‌మన్ గంజి అన్నాడు. మా ఆవిడ ఆఫీసు నుంచి ఫోన్ చేసి "ఎవరైనా వెట్ దగ్గరికి తీసుకెళ్ళొచ్చు కదా" అంది, అది ఒక్కటే తెలివైన సలహా, కాబట్టి తీసుకెళ్ళాను. ఒక క్లినిక్‌లో గంట కూర్చున్నాక "బాతులు చూడమండి, కుక్కలు పిల్లులే" అన్నారు. ముందే చెప్తే పోయేది. వాన కూడా మొదలైంది, బంగాళాఖాతంలో అల్పపీడనం అట, టవల్లో చుట్టిన పిల్లని చొక్కాలో పెట్టుకుని బండి మీద ఇంటికొచ్చాను. దారి పొడుగునా చొక్కాలో కిక్కురుమనకుండా పడుకుంది. ఆ విషయం అప్పుడే నాకు తట్టాల్సింది, తట్టలేదు.

అమ్మ అటక మీద పెట్టెలోంచి మా పాప ఉగ్గుగిన్నె తీసింది. వెండిది, మా అమ్మమ్మ పెట్టింది. "దీంతో కొంచెం కొంచెం పోద్దాం, తాగుతుంది."

ఇక్కడ గట్టిగా వద్దన్నాను, ఎందుకంటే నేను అప్పటికే ఇంక్ ఫిల్లర్‌తో ఒకసారి ట్రై చేసి భయపడి ఉన్నాను. బాతుపిల్ల నోరు తెరిచి చూస్తే నాలుక వెనకాలే ఒక చిన్న చీలిక తెరుచుకుని మూసుకుంటూ కనపడుతుంది, అది గాలిగొట్టం. నోట్లో నీళ్ళు పోస్తే నేరుగా అందులోకి పోతాయి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఇంక అంతే. నేను వేసిన రెండు చుక్కలకే ముక్కులోంచి బుడగలొచ్చాయి, తుమ్మింది, నా గుండె ఆగింది. పోయకూడదు. ముక్కు కొసని నీళ్ళకి తాకించి, తనంతట తను చప్పరించేలా చెయ్యాలి, లేదంటే ముక్కు పక్కన అంచు మీద ఒక చుక్క పెట్టి ఆగాలి.

గ్లాసుడు గోరువెచ్చటి నీళ్ళలో చెంచాడు పంచదార కలిపి అలా తాకిస్తూ కూర్చున్నాను. రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. పదిసార్లకి ఒకసారి చప్పరించింది.

నాలుగో రోజు, పొద్దున్న

30 గ్రాములు. మెడ నిలబెట్టలేకపోతోంది. పాప స్కూలుకి వెళ్తూ "నాన్నా, నేనొచ్చేసరికి ఉంటుందా" అంది. ఉంటుందమ్మా అన్నాను. ఎందుకన్నానో.

పదకొండింటికి తగరపువలస మామ్మగారికి ఫోన్ చేశాను. నాకు తెలిసిన డిగ్రీలు, గ్రాములు అన్నీ చెప్పుకొచ్చాను. ఆవిడ అంతా విని ఒకటే అడిగారు.

"కాళ్ళు ముట్టుకుని సూసినావా బాబూ?"

లేదండి అన్నాను.

"ముట్టుకో. సల్లగుంటాయి. దానికి ఆకలి కాదు, సలి. సలేస్తంటే ఏ పిల్ల తింటాది? నువ్వు తిండి తిండని సంపేస్తన్నావు."

ఫోన్ పెట్టకుండానే వెళ్ళి ముట్టుకున్నాను. ఫ్రిజ్‌లోంచి తీసిన బెండకాయల్లా ఉన్నాయి కాళ్ళు. ముక్కు కూడా చల్లగానే ఉంది. గారె కాళ్ళు ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి.

మీటర్ చూస్తే 33.1. మరి ఇదేంటి అని వైరు తీసి గోనెసంచి మీద, సరిగ్గా పుణుగు కూర్చునే మూల నేల మీద పెట్టాను. అంకె దిగడం మొదలైంది. 31, 29, 28... 26.5 దగ్గర ఆగింది.

ఇరవై ఎనిమిది రోజులు ఇంక్యుబేటర్‌లో పాయింట్ ఒకటి తేడా వస్తే అర్ధరాత్రి లేచి సరిచేసిన మనిషిని, బ్రూడర్‌లో మాత్రం వైరుని బల్బుకి జానెడు దూరంలో గాల్లో వేలాడదీసి, అక్కడి వేడి చూసి మురిసిపోయాను. పిల్ల ఉండేది నేల మీద. కింద టైల్స్, పైన అట్ట, ఆ అట్ట మిగతా మూడూ ఒలకబోసిన నీళ్ళకి తడిసి మెత్తగా అయిపోయింది, దాని మీద తడి గోనె, బయట వాన. బలంగా ఉన్నవి బల్బు కిందకి తోసుకుపోయాయి, ఇది తోసుకోలేదు. నిన్న చొక్కాలో కిక్కురుమనకుండా పడుకున్నది కూడా నీరసంతో కాదు, ఇంక్యుబేటర్‌లోంచి తీశాక మొదటిసారి వెచ్చగా ఉండి.

చలిలో ఉన్న పిల్లకి తిండి పెట్టినా అరగదు, లోపల అంతా ఆగిపోయి ఉంటుంది. ముందు వేడి, తర్వాత నీళ్ళు, ఆ తర్వాతే మేత. నేను మూడు రోజులుగా తలకిందులుగా చేస్తున్నాను.

నాలుగో రోజు, మిగతాది

పెట్టె మార్చేశాను. కింద రెండు వరసలు థర్మాకోల్ షీటు, పైన పొడి అట్ట, దాని మీద పాత టర్కీ టవల్ ముక్క. బల్బు ఒక మూలకే, తాడు కట్టి ఎత్తు మార్చుకునేలా. మొత్తం పెట్టె వేడెక్కించకూడదు, ఒక పక్క వెచ్చగా, ఒక పక్క చల్లగా ఉంటే పిల్లలే చూసుకుంటాయి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి గుట్టగా పడితే చలి, దూరంగా పోయి నోరు తెరిచి రొప్పితే వేడి, అక్కడక్కడా చెదిరి పడుకుంటే సరిపోయినట్టు. దీనికి మీటర్ కూడా అక్కర్లేదు నిజానికి. కానీ వైరు ఇప్పుడు టవల్ మీదే ఉంటుంది, టేపు వేసి అంటించేశాను.

పుణుగుని మాత్రం వెంటనే అందులో పెట్టలేదు. అమ్మ తన పాత నేత చీర ముక్కలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, టీవీ చూస్తూ. దాదాపు గంటన్నర. మధ్యలో ఒకసారి "ఒరేయ్, కదులుతోంది" అంది. వచ్చి చూస్తే మెడ చీరలోంచి బయటపెట్టి అటూ ఇటూ చూస్తోంది. కాళ్ళు వెచ్చబడ్డాయి.

నాలుగింటికి నీళ్ళు పెట్టాను. ఇక్కడ నా రెండో తప్పు బయటపడింది. పిల్ల చిన్నది, మునిగిపోతుందేమో అని నేను వాటర్ బాటిల్ మూతలో నీళ్ళు పెడుతున్నాను. బాతు అలా తాగదు. అది ముక్కు మొత్తం, పైన ఉండే రంధ్రాల దాకా ముంచి, ఊపి, కడుక్కుంటూ తాగుతుంది, మేత తిన్న ప్రతిసారీ పరిగెత్తుకెళ్ళి నీళ్ళతో మింగుతుంది. మూతలో ముక్కు కొస తప్ప మునగదు, పైగా పొడి మేత ముక్కుకి అంటుకుని గట్టిపడి రంధ్రాలు కూడా మూసుకుపోయాయి, తడిగుడ్డతో తుడిస్తే పసుపు పిండిలా ఊడొచ్చింది.

లోతు ఉండాలి, పిల్ల దిగిపోకూడదు. ఇంట్లో గిన్నెలన్నీ చూశాను, ఒకటి వెడల్పు, ఇంకోటి పల్లెం. అమ్మ ఏమీ మాట్లాడకుండా ఉగ్గుగిన్నె తెచ్చి ముందు పెట్టింది.

కరెక్ట్ సైజు. మూతి చిన్నది, లోతు రెండు వేళ్ళు, అడుగు బరువు కాబట్టి తిరగబడదు. గోరువెచ్చటి నీళ్ళు పోసి పుణుగు ముక్కు తాకించాను, అది ముక్కు ముంచింది, తల పైకెత్తింది, మింగింది, గొంతు కదలడం కనపడింది, మళ్ళీ ముంచింది. పన్నెండుసార్లు లెక్కపెట్టాను. పాప పదమూడు అంటోంది.

నాలుగో రోజు, రాత్రి

కరెంట్ పోయింది. పోకపోతే ఆశ్చర్యపడాలి, వానొచ్చింది కదా. అమ్మ వెంటనే "హుద్‌హుద్ తుఫానుకి ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాం, గుర్తుందా" అని మొదలుపెట్టింది, 2014 అక్టోబర్ 12 మా ఇంట్లో పంచాంగంలో లేని పండగ. నేను గ్యాస్ మీద నీళ్ళు కాచి రెండు లీటర్ బాటిళ్ళలో నింపి, సాక్సుల్లో తొడిగి పెట్టెలో పెట్టాను, పైన దుప్పటి కప్పి ఒక మూల గాలి కోసం తెరిచి ఉంచాను. నాలుగు పిల్లలూ వచ్చి బాటిళ్ళకి ఆనుకుని పడుకున్నాయి. రెండు గంటలకోసారి నీళ్ళు మార్చాను. దోమల కాయిల్ మాత్రం వెలిగించనివ్వలేదు, పక్షుల ఊపిరితిత్తులకి పొగ అస్సలు పడదు, దాంతో మేమందరం దోమలు కుట్టించుకున్నాం, ఈ విషయంలో మా ఆవిడ ఇంకా మాట్లాడట్లేదు.

ఐదో రోజు

30. తగ్గలేదు! పెరగలేదు కూడా, కానీ తగ్గలేదు.

నీళ్ళు తాగుతోంది. మేత మాత్రం చూసి తల తిప్పేస్తోంది. మిగతావి తొక్కేస్తున్నాయని దాన్ని వేరే చిన్న పెట్టెలో పెట్టాను, సొంత బల్బు, సొంత టవల్, సొంత ఉగ్గుగిన్నె, రాజభోగం. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా ఆపకుండా ఏడ్చింది. బాతుపిల్ల ఒంటరిగా ఉంటే ఒక రకం కూత కూస్తుంది, ఎత్తుగా, గ్యాప్ లేకుండా, అది విన్నాక ఎవరూ మీటింగ్‌లో కూర్చోలేరు. ఉన్న కాస్త ఓపికా అరవడానికే పోతోంది. చిన్న అద్దం పెట్టాను, పది నిమిషాలు మోసపోయింది, తర్వాత మళ్ళీ మొదలు.

ఈలోగా మేత సంగతి. మొదట కొన్నది మొక్కజొన్న నూక, షాపతను "కోడిపిల్లలకి ఇదేనండి, బాతుకైనా ఇదే" అన్నాడు. ఉత్త మొక్కజొన్న మీద బాతుపిల్ల నిలబడదు, అక్షరాలా నిలబడదు, వాటికి నియాసిన్ అనే బీ3 విటమిన్ కోడిపిల్లల కంటే బాగా ఎక్కువ కావాలి, మొక్కజొన్నలో ఉన్నది వాటి ఒంటికి పట్టే రూపంలో ఉండదు, తక్కువైతే కాళ్ళు వంకర పోతాయి, మోకాళ్ళు ఉబ్బుతాయి. పుణుగు నడుస్తుంటే ఎడమ కాలు కొంచెం లోపలికి పడుతోంది కాబట్టి ఇది తేలిగ్గా తీసుకోలేదు. స్నేహితుడి ద్వారా ఒక వెటర్నరీ డాక్టర్‌గారు ఫోన్‌లో దొరికారు, వీడియో చూసి, బరువు అడిగి, నీళ్ళలో బీ కాంప్లెక్స్ ఎంత కలపాలో చెప్పారు, పంచదార నీళ్ళు ఇంక ఆపేయమన్నారు, అది మొదటి రోజు ఊపిరి కోసమే కానీ ఆహారం కాదట. ఫీజు అడగమంటే నవ్వేశారు.

ఇంకోటి కూడా ఆయన చెప్పారు, మేత వాసన చూడమన్నారు. చూశాను, నూక సంచి అడుగున మక్కిన వాసన. మన సముద్రం పక్క తేమకి మేత ఇట్టే బూజు పట్టేస్తుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకి పైగా టర్కీ కోళ్ళ పిల్లలు ఎందుకో ఎవరికీ తెలియకుండానే చచ్చాయి, బాతుపిల్లలు కూడా పోయాయి, చివరికి తేలింది ఏంటంటే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిలో బూజు, దాని విషానికే తర్వాత అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. ఆ విషానికి అందరికంటే ముందు పడిపోయేది బాతుపిల్లే, అందుకే అప్పట్లో మేతలో ఆ విషం ఉందో లేదో చూడటానికి ఒక్కరోజు వయసు బాతుపిల్లలకే పెట్టి చూసేవాళ్ళట. వేరుశనగలో నియాసిన్ బాగా ఉంటుందని నేను చెక్క తెచ్చి పెడదామనుకుంటున్నాను, ఆ ఐడియా అక్కడే చచ్చింది. నూక మొత్తం పారేశాను. కొత్తగా, డేట్ చూసి, సంచి చింపించి వాసన చూసి బ్రాయిలర్ స్టార్టర్ క్రంబుల్ (కోడిపిల్లలకి మొదట్లో పెట్టే రవ్వలాంటి మేత) తెచ్చాను. లేబుల్ మీద కోళ్ళ రక్తవిరేచనాలకి కలిపే మందు పేరున్న సంచి వద్దన్నారు డాక్టర్‌గారు, బాతులు కోళ్ళ కంటే ఎక్కువ మేత లాగిస్తాయి, దాంతో మందు కూడా ఎక్కువ పోతుంది. మందు లేనిది దొరకడానికి మూడు షాపులు పట్టింది.

ఆరో రోజు

ఉదయం 30, సాయంత్రం 31.

ఏం జరిగిందంటే, ఆ ఏడుపు భరించలేక మా పాప బొండాని తీసి పుణుగు పెట్టెలో పడేసింది నన్ను అడక్కుండా. మూడింటిలో బొండా కాస్త మెతక, తోయదు, పొడవదు, తింటూ కూర్చునే రకం. పుణుగు వెంటనే నోరు మూసింది. వెళ్ళి బొండా రెక్క కింద దూరి పడుకుంది.

మధ్యాహ్నం క్రంబుల్‌ని గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి పల్చటి జావలా చేసి, ఉడికించిన గుడ్డు పచ్చసొన కొంచెం చిదిపి కలిపాను (కోడిగుడ్డే, ఎవరూ కంగారుపడకండి). బొండా తల దూర్చి లాగిస్తోంది. నేను వేలితో జావలో టిక్ టిక్‌మని పొడుస్తున్నాను, తల్లి ముక్కుతో చూపించినట్టు. పుణుగు నా వేలు చూసింది, బొండాని చూసింది, బొండా ముక్కు మీద అంటిన జావ పొడిచింది. మళ్ళీ పొడిచింది. తర్వాత పల్లెంలో పొడిచింది. మేత అని తెలిసి కాదు, బొండా చేస్తోంది కాబట్టి చేసింది.

తోటకూర ఆకు గోరంత ముక్కలు చేసి ఉగ్గుగిన్నె నీళ్ళ మీద వేశాను. తేలేదాన్ని చూస్తే బాతుకి ఆగదు. నాలుగు ముక్కలు తింది.

ఈ పూట జావ మిగిలితే పారేయాలి, మూడు నాలుగు గంటల్లో పులిసిపోతుంది, రెండోసారి పెట్టొద్దు.

ఏడో రోజు

33.

ఎనిమిదో రోజు

35, అంటే పుట్టినప్పటి బరువుకి ఒక గ్రాము తక్కువ. వెనకాల రెట్ట అంటుకుని గట్టిపడింది, గోరువెచ్చటి నీళ్ళ దూదితో నానబెట్టి తీశాను, లాగితే చర్మం ఊడొస్తుంది. అది కూడా మూసుకుపోతే పిల్ల తినడం మానేస్తుంది, రోజూ చూసుకోవాల్సిన విషయం, ఇన్ని రోజులూ ముక్కు వైపే చూస్తూ అటు వైపు చూడలేదు.

ఎడమ కాలు మెరుగు. పడుతూ లేస్తూ పరిగెడుతోంది.

పదో రోజు

47. మిగతావి వంద దాటేశాయి, వాటి పక్కన ఇది ఇంకా పుణుగే. వాన తగ్గింది, ఎండొచ్చింది, పెట్టె వేడి 29కి దించాను.

పాప టబ్బులో ఈత కొట్టిస్తానని గొడవ. వద్దని చెప్పడానికి అరగంట పట్టింది. బాతు కదా, తడవదు అనుకుంటాం. తల్లి కింద పెరిగే పిల్లకి తల్లి ఈకల నూనె అంటుకుంటుంది, అందుకే తడవదు. డబ్బాలో పుట్టిన పిల్లకి ఆ నూనె లేదు, దాని సొంత నూనె గ్రంథి సరిగ్గా పనిచెయ్యడానికి టైం పడుతుంది, ఈలోగా నీళ్ళలో వేస్తే దూదిలా తడిసి బరువెక్కి చలికి పోతుంది. మళ్ళీ చలి దగ్గరికే వచ్చాం చూడండి.

ఇంకో కొత్త సమస్య, నేను ఎక్కడికెళ్తే అక్కడికి వస్తోంది. కాన్రాడ్ లోరెంజ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త వెనకాల బాతుజాతి పిల్లలన్నీ వరసకట్టి నడిచేవి, ఇలాంటి పనులకే ఆయనకి 1973లో నోబెల్ కూడా పంచి ఇచ్చారు. నాకు ఇంట్లో తిట్లు వస్తున్నాయి, ఎందుకంటే వెనకాల వచ్చేది ఊరికే రాదు, హాలంతా రెట్టలు వేసుకుంటూ వస్తుంది. పట్టుకున్నాక ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోమని పాపకి రూలు పెట్టాను, బాతుపిల్లల ఒంటి మీద సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు, చూడ్డానికి ముద్దుగానే ఉంటాయి.

పద్నాలుగో రోజు

82 గ్రాములు. నాలుగూ ఒకే పెట్టెలో. నిన్నటి నుంచి పుణుగు బజ్జీని తోసేసి ముందు తింటోంది, నేనేమీ అనలేదు.

పగలు బల్బు ఆపేశాను, రాత్రి మాత్రమే. పెరట్లో ఎండ పడేచోట గంటసేపు వదిలాను, చుట్టూ వల కట్టి, పైన కూడా, మా వీధిలో కాకులు, పిల్లులు రెండూ నిరుద్యోగులు. పుణుగు గడ్డిలో ఏదో పురుగు పట్టుకుంది, మూడు పిల్లలు వెంటపడితే పరిగెత్తి పరిగెత్తి నా చెప్పు వెనక దూరి మింగింది.

సాయంత్రం తగరపువలస మామ్మగారికి ఫోన్ చేసి చెప్పాను, బతికిందండి అని. "కాళ్ళు ఎచ్చగున్నాయా?" అన్నారు. ఉన్నాయండి. "అయితే మరేటి" అని పెట్టేశారు.

అమ్మ ఉగ్గుగిన్నె తీసి చింతపండు పెట్టి తోమి, లోపల పెట్టబోయింది. మెరుస్తోంది. రాత్రి ఏడింటికి పుణుగు స్టీలు గిన్నె దగ్గరికి వెళ్ళి, ముక్కు పెట్టి, తీసేసి, అరవడం మొదలెట్టింది. అరగంట అరిచింది. అమ్మ అలమారా తాళం మళ్ళీ తీసింది, "దీనికి వెండే కావాలట" అని తిట్టుకుంటూ.

థర్మాకోల్ డబ్బా ఇంకా హాల్లోనే ఉంది, వాసనతో సహా. ఈసారి వైరు రెండోది కొన్నాను, నేల మీద పెట్టడానికి. కొత్త గుడ్ల గురించి ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు.